ఏం మిగిలింది

నాలుగేండ్ల తక్‌పట్టీలు నా గదిలనే ఉన్నయి.
నయీంనగర్, మూడో అంతస్తు.
ఫ్యాన్ వేస్తే మిర్చి ఘాటు లేస్తది, తుమ్ములొస్తయి.
ఒక్కో ఇంటికి ఒక్కో వారం ఒక్కో గడి:
కోల్డ్ స్టోరేజీలనే ఉంచితే సున్నా,
ఎనుమాముల కాంటా మీదికి ఎక్కిస్తే ఒకటి.

జెండా పాట రేటు నాకు తెలుసు,
అడ్తి తెలుసు, హమాలీ తెలుసు,
బాండు మీద వడ్డీ ఎంత పెరుగుతదో తెలుసు.
రేపటి రేటు మీద మనిషి పెట్టుకున్న ఆశను
ఇయ్యాల్టి లెక్కలకు దించే సూత్రం గూడ ఉంది.
ఇవన్నీ పోంగ
వాళ్లకు తెలిసి, నాకు కనపడనిది ఇంకొంత ఉంటది.
మా శాస్త్రంల దాని పేరు దోషం.
ఎవరి దోషమో ఏ పుస్తకంల రాయలే.

దానికి ఒక ఆకారం ఇయ్యాలె, లేకుంటే లెక్క కదలదు.
అందరిచ్చిందే ఇచ్చిన:
ఎడమ దిక్కు నిటారు గట్టు, కుడి దిక్కు పొడుగు జారుడు.
ఒకరి దోషం ఇంకొకరికి తాకదన్న.
పోయిన వారంది ఈ వారానికి యాదికుండదన్న.
ఎందుకంటే, అట్లయితే లెక్క ఒక్క గీతల తెగుతది.
అంతకన్న పెద్ద కారణం లేదు.

తెగింది.
ఈ రైతులకు ఓపిక తక్కువ అని వచ్చింది.
వచ్చే ఏడాది రూపాయి
వాళ్ల కండ్లకు అరవై రెండు పైసలు.
యూనివర్సిటీ సెమినార్ల చదివిన,
సమోసాలు రాకముందే చప్పట్లు కొట్టిన్రు.

ఒక రాత్రి, ఎందుకో,
రైతులను వదిలిపెట్టి దోషానికి పరీక్ష పెట్టిన.
మిగిలిన తేడాలన్నీ పక్కపక్కన పేర్చిన.
మార్చి మూడో వారం.
రేటు ఎక్కుతున్నది, లెక్క ఆగుమంటున్నది.
నెక్కొండ దిక్కు ఒక్క తండల
పదకొండు ఇండ్లు, ఒక్కటే రోజు, పదకొండు ఒకట్లు.
ఎవరికి వారు విడివిడిగ చిట్టీ తీస్తే
ఇట్ల పడాల్నంటే
చుక్క తర్వాత తొమ్మిది సున్నాలు.

పొద్దుగాల బస్సెక్కి పోయిన.
గుగులోతు కేస్లి తాలు ఏరుకుంట కూసుంది.
కాయితం చూపిచ్చిన.
"గా రోజా? మా హర్జ్య కోడలుకు
నెలలు నిండకముందే నొప్పులొచ్చినయ్.
పైసల్ గావాలె. ఒక్కింటి బస్తాల కోసం
డీసీఎం ఎవడు తెస్తడు?
అందరం ఏసినం."
క్వింటాలుకు పదిహేడు వందలు పోయినయి గదా అన్న.
"పోయినయ్."
ఇంకో కాయ ఏరి పక్కన పడేసింది.
"మాకు పడ్డనాడు ఆళ్లు ఏస్తరు."
ఎన్నడు?
"ఎన్నడో."

ఎన్నడో.
నా సూత్రంల గడువు ఇరవై ఆరు వారాలు.

తిరిగొచ్చి, దోషాలు ఒకదాన్నొకటి తాకనిచ్చిన,
ఒక వారందాన్ని ఇంకో వారం యాది పెట్టుకోనిచ్చిన.
అరవై రెండు పైసలు ఎనభై తొమ్మిదయినయి.
తోకను ఇంకింత బరువు చేస్తే తొంభై నాలుగు.
ఏది నిజమంటే తక్‌పట్టీలు పలుకయి.
గా సున్నాలు, గా ఒకట్లు
ఏ ఆకారం తొడిగితే దానికి సరిపోతయి.
వాళ్లకు లేదన్న ఓపిక
నేను గీసిన గీత వంపుల ఉండె.

పరీక్ష ఒక్కటే చెప్తది: నువ్వనుకున్నది కాదు.
మరేంది అనేది చెప్పదు.

బస్సెక్కేటప్పుడు కేస్లి అడిగింది,
పంట అమ్మొచ్చినోళ్లను అడిగినట్టే:
"మల్ల నీ లెక్కల ఏం మిగిలింది బిడ్డా?"
అదే మిగిలిందమ్మా అని అనలేకపోయిన.

రాత్రి పేపర్ల దోషం అన్నకాడల్లా కొట్టేసిన.
బదులేం రాయాల్నో తెలువలే,
ఖాళీ గీతలు పెట్టిన.
ఫ్యాన్ బందు చేసిన.
అయినా తుమ్ములు.